లోపలికి దారి

మోడల్ విమానం తయారుచేసేవాళ్ల పక్కన కూర్చునే అవకాశం ఎప్పుడైనా దొరికితే వదులుకోకండి. బాల్సా చెక్కతో కట్టిన రెక్క మీద పల్చని రంగు ఫిల్మ్ పరుస్తారు. చిన్న ఇస్త్రీపెట్టెతో ముందు అంచులు అంటిస్తారు. దానికి 100 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడి చాలే ఫిల్మ్ రకాలున్నాయి. తర్వాత వేడి కాస్త పెంచి మధ్యలో తగిలిస్తే, ముడతలన్నీ కళ్లముందే సర్దుకుపోయి ఫిల్మ్ బిగుసుకుంటుంది. లోపలి కర్రలు, అతుకులు, జిగురు మరకలు ఇక ఎవరికీ కనబడవు.

కానీ అంత నున్నగా కప్పే విమానానికి కూడా ఒకచోట మూత పెడతారు. హ్యాచ్ అంటారు దాన్ని. లోపలున్న బ్యాటరీని రోజూ తీయాలి, చార్జి చేయాలి, మళ్లీ పెట్టాలి మరి. లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి జారితే పాడైపోతుంది. అందుకే అంతదాకా రాకముందే విమానాన్ని దించేస్తారు.

ఆ మూత అమర్చే పని నాకు భలే ఇష్టం. ముందువైపు ప్లైవుడ్ నాలుక ఒకటి గాడిలో దూరుతుంది. వెనకవైపు రెండు చిన్న అయస్కాంతాలు పట్టి ఉంచుతాయి. స్క్రూలుండవు, వేలితో లాగితే వచ్చేస్తుంది. చెక్క మీద మూత సరిగ్గా బిగుతుగా కూర్చుంటే మాత్రం తెలిసినవాళ్లు సంతోషించరు. అంచుల్ని గరుకు కాగితంతో ఇంకాస్త రుద్దుతారు. ఫిల్మ్ ఆ అంచుల మీదుగా మడత పడాలి కదా, దానికి ముందే చోటు ఉంచాలి. లేకపోతే కప్పిన తర్వాత మూత పట్టదు.

ప్రియ మిత్రమా, మీ రోజులో అలాంటి చోటు ఉందా?

“బాగున్నారా?” అని ఎవరైనా అడిగితే “ఆ, బాగున్నాం” అనేస్తాం. ఆఫీసులో నవ్వుతాం. చర్చిలో అందరినీ పలకరిస్తాం. లోపల మాత్రం తీరని అప్పు ఉంటుంది, అమ్మ రిపోర్టు ఏం వస్తుందోనన్న దిగులు ఉంటుంది, ఊరు దాటి వెళ్లిన పిల్లాడి దగ్గర్నుంచి ఫోన్ రాలేదన్న బెంగ ఉంటుంది. అందరికీ చెప్పుకోలేం, నిజమే. చెప్పుకోనక్కర్లేదు కూడా. కానీ ఒక్కరికైనా తెరవకపోతే ఎంతకాలం నెట్టుకొస్తాం?

బైబిల్లోని హన్నాను గుర్తుచేసుకోండి. పిల్లలు లేరన్న బాధ, దానిమీద సవతి పెనిన్నా సూటిపోటి మాటలు, ఏటేటా అదే ఏడుపు. భర్త ఎల్కానాకు ఆమె అంటే ప్రేమే, అయినా ఆ కన్నీళ్లు ఆయనకు పూర్తిగా అర్థం కాలేదు. షిలోహు మందిరంలో ప్రార్థిస్తుంటే ఆమె పెదవులు మాత్రమే కదిలాయి. యాజకుడు ఏలీ చూసి తాగి ఉందనుకున్నాడు. ఆమె మాత్రం మనసంతా దేవుని ముందు కుమ్మరించేసింది. ఆ తర్వాత వెళ్లి భోజనం చేసింది. ముఖంలో దిగులు పోయింది. గమనించారా, అప్పటికింకా ఆమె కొడుకు సమూయేలు పుట్టలేదు. ఆమె పరిస్థితిలో ఏదీ మారలేదు. ఆ బరువు మోస్తున్నది ఇక తానొక్కతే కాదు, అంతే.

మీ లోపల ఏముందో తండ్రికి తెలియదా? తెలుసు. మీరు నిద్రపట్టక అటూఇటూ దొర్లిన రాత్రి కూడా ఆయన మెలకువగానే ఉన్నాడు. మీ పక్కనే ఉన్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు దాచావని కోప్పడడు. మీ బలం పూర్తిగా అడుగంటేదాకా ఎదురుచూడమనడు.

ఈ రాత్రి వంటిల్లు సర్దేశాక, ఫోన్ పక్కన పెట్టి ఐదు నిమిషాలు కూర్చోండి. దిగుళ్లన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. ఒక్కటి చాలు. దాన్ని పేరు పెట్టి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెప్పండి. ఏడుపొస్తే ఏడవండి. రేపు కూడా ఆ ఐదు నిమిషాల్లోకి ఇంకో పనిని రానివ్వకండి.

ప్రార్థన: తండ్రీ, పైకి బాగానే ఉన్నాను. లోపల అలసిపోయాను. నేను ఎవరికీ చెప్పని ఆ సంగతి ఇదిగో, నీకు చెబుతున్నాను. ఈ రాత్రి నాకు నిద్ర ఇవ్వు. ఆమేన్.