బ్యాటరీ మంచిదే



మన గ్రామముల బిడ్డలు కొందరు హైదరాబాదులోని హైటెక్ సిటీలో కార్లు నడుపుకొని బ్రదుకుచున్నారు. 1998లో సైబర్ టవర్స్ తెరువబడిన మాదాపూరు ప్రాంతమది. రాత్రి షిఫ్టు ముగిసి ఉద్యోగస్థులు ఎదురుచూచుచుండగా ఒక్కొక్కప్పుడు కారు స్టార్టు కాదు.

తెలియనివాడు వెంటనే తోయమనును. మెకానిక్ అట్లుచేయడు, తాళము త్రిప్పించి చెవియొగ్గి వినును. ఇంజను తిరుగుచునే అందుకొననియెడల, పెట్రోలు అందుటలేదో, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టుటలేదో చూచును. టక్కుమని ఆగిపోయి దీపములు మసకబారినయెడల బ్యాటరీ చూచును. బ్యాటరీ మంచిదే కావచ్చును. టెర్మినళ్లకు పట్టిన తెల్లని చిలుము దాని శక్తిని అవతలికి పోనియ్యదు. తీగెలు విప్పి, చిలుము గీకి, మరల గట్టిగా బిగించినచో కారు కదలును.

మన ప్రార్థన కదలనప్పుడు దేవుని బలము తగ్గినదనుకొందుము. యెషయా 59వ అధ్యాయము అట్లు చెప్పదు. నడుమ అడ్డుపడినది మన దోషమేయని చూపును. గట్టు తగాదాలో మాటలు మానిన అన్నదమ్ములు సంస్కారపు బల్లయొద్ద చెరియొక ప్రక్క మోకరించు సంఘములు లేవా? అక్కడ ఉపవాస ప్రార్థనలు ఎన్ని పెట్టినను అది బండిని తోయుటయే.

మత్తయి 5:23, 24 చదువుడి. ఎవరు ముందు వెళ్లవలెనని మనము వాదించుదుము. తప్పు ఎవరిదని ప్రభువు అక్కడ విచారింపలేదు. జ్ఞాపకము వచ్చినవానినే వెళ్లుమనెను.