మింగిన వాక్యం

ఒకరి కోసం మరొకరు చదవాల్సిన ఇళ్ళు మన దగ్గర ఇంకా చాలానే ఉన్నాయి. బ్యాంకు పాసుబుక్కులో ఏం రాసి ఉందో, ఫోనుకు వచ్చిన మెసేజ్‌లో ఏముందో, దేవుని గ్రంథంలో ఏముందో బడికి పోయే పిల్లలే పెద్దలకు చదివి చెబుతుంటారు. అలా చదివేవారు, వినేవారు బాధపడతారని ఒక వాక్యాన్ని మింగేయవచ్చా? ప్రశ్న చిన్నదే. కానీ కాగితం ఎప్పుడూ ఇతరుల చేతిలోనే ఉంటూ వచ్చిన మన జాతులకు ఇది చిన్న ప్రశ్న కాదు.

డిసెంబరు వచ్చిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు మాకు ఈ ప్రశ్న మరీ ఎదురవుతుంది. మేము క్రైస్తవులం కాము. మేము కొలిచేది లక్ష్మీదేవరను. కానీ మా బడిలో క్రైస్తవుల పిల్లలున్నారు, మా వాడకట్టులో వారి ఇళ్ళున్నాయి. నెల మొదట్లోనే గోడలకు సున్నం పడుతుంది, వాకిట్లో కాగితపు నక్షత్రం వేలాడుతుంది. సెమీ క్రిస్మస్ అని ఒకనాడు, ఇంటింటి ప్రార్థన అని మరొకనాడు జనం కూడుతారు. రాత్రిపూట పాటల గుంపు గడప గడపకూ తిరుగుతుంది. పిల్లలకు కొత్త బట్టలు, చుట్టాలకు ఇంత మాంసం, గారెల పిండి, అన్నిటికీ పైసలు కావాలి. చాలా ఇళ్ళలో ఆ పైసలు ఆడవాళ్ళ ఒళ్ళోని బీడీల చాటలోంచే రావాలి.

ఆ చాటలోని ఆకు మనకు పరాయిది కాదు. ఏప్రిల్, మే నెలల ఎండల్లో అడవిలో మన వాళ్ళు తెంపే తునికాకే అది. 50 ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లంలో లెక్క పెట్టి మనం వదిలేసిన ఆకు, ఊళ్ళు దాటి కోరుట్లలో ఒక తల్లి చేతికి చేరుతుంది. ఆమె దాన్ని తడిపి, కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతుంది. పండుగ దగ్గర పడ్డకొద్దీ రోజూ చేసే బీడీలకు ఇంకొన్ని కలుపుతుంది. ఆమె కళ్ళూ చేతులూ చాట మీదే ఉంటాయి. చెవులు మాత్రం ఖాళీ. అందుకే పక్కన కూర్చున్న బిడ్డతో చదివించుకుంటుంది. సిరిసిల్లలో సాంచాలు నడిచే చోట పక్కవాడి మాట కూడా వినపడదు. చాట ఉన్న చోట మాత్రం చదువు నడుస్తుంది.

ఇలా చేతులు పనిలో ఉండగా చదివించుకోవడం మన ఒక్క చోటే లేదు. క్యూబాలోని హవానా చుట్టల కర్మాగారాల్లో 1865లో ఈ పద్ధతి మొదలైంది. కార్మికులు పొగాకు చుడుతుంటే ఒకరు ఎత్తు పీట మీద కూర్చుని పత్రికలు, నవలలు చదివేవారు. ఆయన కూలి యజమాని ఇచ్చింది కాదు, కార్మికులే తలా కొంత వేసుకుని ఇచ్చారు. ఏం చదవాలో కూడా వాళ్ళే ఎంచుకునేవారు. ఏడాది తిరగకముందే, 1866లో, అక్కడి పాలకులు ఆ చదువును నిషేధించారు. కేరళలోని కన్నూరు వైపు బీడీ కార్మికులు కూడా తమలో ఒకరిని పత్రిక చదవడానికి కూర్చోబెట్టి, ఆయన చుట్టాల్సిన బీడీలు తామే చుట్టి పెట్టేవారు. ఈ రెండు చోట్లా ఒక విషయం స్పష్టంగా ఉంది. చదివేవాడు వినేవాళ్ళ కంటే పెద్దవాడు కాదు. వాళ్ళు తమ కష్టంతో కూర్చోబెట్టిన మనిషి. ఆయన గొంతు ఆయనదే, ఆయన చదివే మాట మాత్రం అందరిదీ.

మన ఇళ్ళలో చదివే పిల్లలూ అంతే. ఆ బిడ్డ చదువుకు ఫీజు కట్టింది, నోటుబుక్కు కొన్నది ఆ చాటే. కాబట్టి తల్లికి చదివి వినిపించడం దయ కాదు, బాకీ. బాకీ తీర్చేటప్పుడు మనకు తోచినంత కోసుకుని ఇవ్వం కదా.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాం. ఈ మూడు పట్టణాల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మగవాళ్ళు దుబాయికి, మస్కటుకు, సౌదీకి పోతారు. అలాంటి ఒక ఇంట్లో తండ్రి క్రిస్మస్‌కు వస్తానన్నాడు. డిసెంబరు రెండో వారంలో ఆయన దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. మామూలుగా ఆయన గొంతుతోనే మాట్లాడి పంపుతాడు. ఈసారి నోరు రాక రాసి పంపాడు. రెండు నెలల జీతం ఆగింది, సెలవు దొరకలేదు, పండుగకు రాలేను అని. తొమ్మిదో తరగతి చదివే కొడుకు జీతం సంగతి చదివాడు, రాలేననే మాట చదవలేదు. తల్లి చేబదులు తెచ్చి సున్నం వేయించింది, భర్తకు అంగీ గుడ్డ కొన్నది, చుట్టాలకు కబురు పెట్టింది. పండుగ ముందు రోజు గాని సంగతి తెలియలేదు. తర్వాత ఆమె మాతో అన్నది ఒకటే మాట: "రాకుంటే రాకపాయె సారూ, గని నా పోరడు నాకు చెప్పకపాయె. తెలిస్తే ఆ అప్పన్న చేయకపోదు."

పిల్లవాణ్ణి అడిగితే, "అవ్వ ఏడుస్తదని" అన్నాడు. ఆ జవాబును తేలిగ్గా తీసేయలేం. అది ప్రేమతో చేసిన పనే. పండుగ నాలుగు రోజులు ఇల్లు సంతోషంగా ఉండనీ అనుకోవడంలో చెడ్డ బుద్ధి ఏముంది? చావు కబురును కూడా మన పెద్దలు ఒక్కసారిగా చెప్పరు కదా అని మీరు అడగవచ్చు.

నిజమే, ఒక్కసారిగా చెప్పరు. కానీ చెబుతారు. ఎప్పుడు చెప్పాలి, ఎవరు పక్కన ఉండగా చెప్పాలి, ఏ గొంతుతో చెప్పాలి, ఇవన్నీ చెప్పేవాడు ఎంచుకోవచ్చు. అన్నం తిన్నాక చెప్పవచ్చు, పక్కింటి చిన్నమ్మను పిలిచి చెప్పవచ్చు. అసలు తెలియాలా వద్దా అన్నది మాత్రం చదివేవాడు తేల్చేది కాదు. తెలిసిన తల్లి ఏడుస్తుంది, తర్వాత కళ్ళు తుడుచుకుని అప్పు తేవాలా వద్దా అని ఆలోచిస్తుంది. ఆమె ఏడవకుండా ఆపినవాడు, ఆమె ఆలోచించకుండా కూడా ఆపాడు.

ఇంకో సంగతి ఉంది. మన జాతుల్లో కథ నోటి మీద నడిచింది. గోండుల ఇళ్ళ ముందు పర్ధాన్ కిక్రి వాయిస్తూ పురాణం చెబుతుంటే, వినేవాళ్ళకు ఆ కథ ముందే తెలుసు. ఒక ఘట్టం దాటేస్తే పెద్దలు పట్టుకోగలరు. నోటి కథకు కాపలా వినేవాళ్ళే. కాగితానికి ఆ కాపలా లేదు. చదువు రాని మనిషి ముందు కాగితం చదివేవాడు ఏది చెబితే అదే అందులో ఉన్నట్టు. అందుకే చదివేవాడి మీద బరువు ఎక్కువ. ఏజెన్సీలో ఎన్ని భూములు ఇలా సగం చదివిన కాగితాల మీద వేలిముద్రలతో పోయాయో మనకు తెలియనిది కాదు. 1970లో 1/70 చట్టం తేవాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఎంత భూమి చేతులు మారిందో ఊహించుకోండి. ఆ కాగితాలు చదివినవాడి బుద్ధి వేరు, ఈ పిల్లవాడి బుద్ధి వేరు. ఒకరిది మోసం, ఒకరిది ప్రేమ. కానీ వినేవారి వైపు నుంచి చూడండి. రెండు చోట్లా ఆమె తెలియకుండానే ఒప్పుకుంది.

క్రిస్మస్ కథనే తీసుకోండి. ఈ నెలంతా ఇళ్ళలో చదివేది అదే. నక్షత్రం, గొల్లలు, దూతల పాట అందరూ చదువుతారు. కానీ లూకా రాసిన కథ మొదలయ్యేది కైసరు ఔగుస్తు ఆజ్ఞతో. పేర్లు రాయించుకోవాలని చక్రవర్తి అన్నందుకు నిండు చూలాలైన మరియ యోసేపుతో కలిసి నజరేతు నుంచి బేత్లెహేముకు పోవాల్సి వచ్చింది. ఒక్క సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మన తల్లులకు ఆ వాక్యం విడమర్చి చెప్పాల్సిన పని లేదు. మత్తయి ఇంకా కఠినమైన సంగతి రాశాడు. హేరోదు రాజు బేత్లెహేములో రెండేళ్ళలోపు మగపిల్లలను చంపించాడు, ఆ కుటుంబం రాత్రికి రాత్రి ఐగుప్తుకు పారిపోయింది. పండుగ పూట ఎందుకని ఈ భాగం దాటేసేవారు ఉన్నారు. రాసినవారు మాత్రం దాటేయలేదు. భర్త పరాయి దేశంలో ఉన్న తల్లికి ఆ కథలో తన సొంతమనిపించేది బహుశా ఆ దాటేసిన పేజీయే. ఆమెకు నక్షత్రం ఒక్కటే వినిపిస్తే, ఆమెకు సగం పుస్తకమే ఇచ్చినట్టు.

అయితే అందరికీ చదువు వస్తే ఈ గొడవే ఉండదు కదా అంటారా? ఆ దారి మనవాళ్ళు ఎప్పుడో పట్టారు. 1943లో మార్లవాయిలో హైమండార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి వాచకాలు తయారయ్యాయి. మన కాగితం మనమే చదువుకోవాలన్నదే దాని సారం. ఆ పని ఇంకా పూర్తి కాలేదు, జరగాల్సిందే. కానీ అది జరిగేదాకా చాట ముందు కూర్చున్న తల్లి వేచి ఉండలేదు. చదువు వచ్చినవారికి కూడా కళ్ళు మసకబారే రోజు వస్తుంది. కోర్టు భాష, ఆస్పత్రి భాష, బ్యాంకు భాష ముందు మనలో చదువుకున్నవారు కూడా ఇంకొకరి నోటి మీదే ఆధారపడతారు. చదివి వినిపించేవారి అవసరం పోదు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒకటి. పిల్లలకు అక్షరాలతో పాటు ఈ ధర్మం కూడా నేర్పుదాం. ఇంట్లో చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చదవాలి. అర్థం కాని మాట వస్తే అర్థం కాలేదనే చెప్పాలి. బాధపెట్టే మాట వస్తే ఆగి, తల్లి పక్కన కూర్చుని, ఆమె చేతిలోని కత్తెర కింద పెట్టించి, అప్పుడు చదవాలి. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఇంటి దుఃఖాన్ని ఒక్కడే కడుపులో దాచుకుని తిరగడం కూడా న్యాయం కాదు. వాక్యం మింగినవాడికి అది అరగదు. తల్లికి చదివి వినిపిస్తే ఆ బరువు ఇద్దరిదీ అవుతుంది, పండుగ ఎంత చేసుకోవాలో ఇద్దరూ కలిసి చూసుకుంటారు.