ఐదో శీలం – మన కాలేజీ బిడ్డలు



ఉపాసక, ఉపాసికలారా! ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్నో ఉన్నాయి. మన బిడ్డలూ అక్కడ చదువుతున్నారు. చాలా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం వీళ్లే. 'బర్త్‌డే దావత్, ఒక్క బీరే కదరా' అంటారు దోస్తులు. అక్కడే మొదలైతది.

రాజగృహంలో సిగాలుడనే గృహస్థుని కొడుకుకు తథాగతుడు తాగుడు తెచ్చే ఆరు నష్టాలు చెప్పాడు. ధనం పోతుంది, తగాదాలు పెరుగుతాయి, రోగాలొస్తాయి, పేరు చెడుతుంది, సిగ్గు పోతుంది, బుద్ధి మొద్దుబారుతుంది. మనకు ఆ ఆరోదే పెద్ద నష్టం. తరతరాలుగా మనకు అందనియ్యనిది చదువే. బాబాసాహెబ్ కొట్లాడి తెచ్చిన ఆ చదువును సీసా పాలు చేస్తామా?

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆయన చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగననేది ఒకటి. అది బిడ్డలకే కాదు, పెద్దలకూ. పెండ్లికీ, దినాలకూ మనమే సీసాలు పెట్టి, హాస్టల్‌లో ఉన్న కొడుకును తాగొద్దంటే వింటడా? ముందు మన ఇంటి దావత్‌లో మందు బంద్ కావాలె. ఇప్పటికే అలవాటుపడ్డ బిడ్డను తిట్టి వెళ్లగొట్టకండి. కరుణతో దగ్గర కూసోబెట్టుకోండి, డాక్టరుకు చూపించండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గ్లాసు అందిస్తే 'నేను పంచశీల తీసుకున్న' అని నవ్వుతూ చెప్పండి. ఆ మాటకు సిగ్గుపడాల్సిన పని లేదు.

జై భీమ్!