ఆయమ్మ గురించి నాలుగు వాక్యాలు

హనుమంతుడు సీతమ్మ జాడ తెలుసుకుని వచ్చినప్పుడు రాముడు ఏమన్నాడో వాల్మీకి యుద్ధకాండ మొదటి సర్గలో చెప్పాడు. ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదని, ఈ ఆలింగనమే తన సర్వస్వమని హనుమను హత్తుకున్న ఘట్టం హరికథల్లో, పురాణ ప్రవచనాల్లో వింటూ పెరిగాం. ఆ కౌగిలింతకు ముందున్న మాటల్ని మాత్రం తొందరగా దాటేస్తుంటాం. గరుత్మంతుడు, వాయుదేవుడు తప్ప మరొకరు దాటలేని సముద్రాన్ని ఇతడు దాటాడన్నాడు రాముడు. రావణుడు ఏలుతున్న లంకలో అడుగుపెట్టి ప్రాణాలతో తిరిగి రావడం ఎవరి తరమన్నాడు. అప్పజెప్పిన కష్టమైన పనిని పూర్తిచేసి, ప్రేమకొద్దీ అంతకు మించి చేసేవాడే ఉత్తముడన్నాడు. సీత కనబడినందువల్ల తానూ, లక్ష్మణుడూ, రఘువంశమూ నిలబడ్డామన్నాడు. ఇంతటి మేలుకు తగిన ప్రతిఫలం ఇవ్వలేకపోతున్నందుకు బాధపడ్డాడు. ఆ తర్వాతే ఆలింగనం.

చేసినవాడు ఎంత కష్టానికి ఓర్చాడు, ఏ మనసుతో చేశాడు, దానివల్ల నాకేం దక్కింది. రాముడి మాటల్లో ఈ మూడూ ఉన్నాయి. చిన్న తరగతుల పిల్లలకు కృతజ్ఞత నేర్పాలనుకునే టీచర్లకు ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు. అమెరికాలో జెఫ్రీ ఫ్రో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 8 నుంచి 11 ఏళ్ల పిల్లలకు దాదాపు ఇవే మూడు విషయాలు గమనించడం నేర్పి, ఫలితాలను 2014లో ప్రచురించారు. ఆ పాఠాలు విన్న పిల్లల్లో కృతజ్ఞతాభావం పెరిగింది. తల్లిదండ్రుల-ఉపాధ్యాయుల సంఘానికి వాళ్లు మిగతా పిల్లలకన్నా ఎక్కువ ధన్యవాద లేఖలు రాశారు.

మనం ఎక్కువగా నేర్పేది ‘థాంక్యూ చెప్పు నాన్నా’ అనడమే. అదీ అవసరమే, కాదనను. కానీ ఆ మాట నోటికి అలవాటయ్యాక చూపు అవసరం లేకుండానే వచ్చేస్తుంది. రాయడానికి కూర్చుంటే మాత్రం పిల్లవాడు కాసేపు ఆగి చూడక తప్పదు. ఏం రాయమంటున్నామన్నదీ ముఖ్యమే. ‘నీకున్న మంచివి ఐదు రాయి’ అంటే మాకు టీవీ ఉంది, సైకిల్ ఉంది, ఫ్రిజ్ ఉంది అని రాస్తారు. అది ఆస్తుల చిట్టా అవుతుంది. అవేవీ లేని పిల్లవాడు పక్కవాడి నోటుబుక్‌లోకి చూసి చిన్నబోతాడు.

వస్తువు బదులు మనిషి గురించి అడగండి. ఉదాహరణకు మధ్యాహ్న భోజనం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. కోనసీమలోని లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికీ అన్నం వండి పెట్టిన తల్లి ఆమె. రోజూ ఆ పేరు మీద తింటున్న పిల్లలకు ఆమె కథ చెప్పండి. ఆ తర్వాత, ఈ రోజు మీకు వండిన ఆయమ్మ ఏమేం చేసిందో చూసి రాయమనండి. మూడో తరగతి పిల్లవాడు ఇలా రాశాడనుకోండి: ‘ఆయమ్మ పొద్దున్నే వచ్చింది. బియ్యంలో రాళ్లు ఏరింది. పొగకు కళ్లు తుడుచుకుంది. నా గుడ్డు చితికిపోతే వేరేది ఇచ్చింది.’ అక్షరదోషాలు ఎన్నున్నా ఉండనివ్వండి. రాముడు హనుమ గురించి చెప్పినట్టే ఈ నాలుగు వాక్యాల్లో కష్టం ఉంది, ప్రేమ ఉంది, తనకు దక్కినదీ ఉంది. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఆ బియ్యంలోనే మొదటి అక్షరం దిద్దించుకునే జాతి మనది. ఆ బియ్యాన్ని అన్నంగా వండిపెట్టే మనిషి గురించి రాయడం ఆ చదువుకు కొనసాగింపే. రాసినదాన్ని పిల్లవాడే వెళ్లి ఆయమ్మకు చదివి వినిపిస్తే మరీ మంచిది.

దీన్ని రోజువారీ హోంవర్కు చేయకండి. వారానికోసారి చాలు. పెద్దవాళ్ల మీద మనస్తత్వ శాస్త్రవేత్త సోంజా ల్యుబోమిర్‌స్కీ బృందం చేసిన ప్రయోగంలో కృతజ్ఞతతో తలచుకునేవాటిని వారానికి ఒకసారి రాసినవారికి మేలు కలిగింది, మూడుసార్లు రాసినవారికి అంతగా కలగలేదు. మార్కులు అసలే వద్దు. మార్కులుంటే పిల్లలు టీచరుకు నచ్చేదే రాస్తారు, ‘మా టీచరంటే నాకు చాలా ఇష్టం’ అన్న వాక్యం తరగతి మొత్తం తిరుగుతుంది. టీచరు కూడా పిల్లలతో కూర్చుని తన నాలుగు వాక్యాలు రాసి చదవాలి. పిల్లలు మన మాటకన్నా మన చేతను త్వరగా పట్టుకుంటారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇంట్లో దెబ్బలు తినే పిల్లవాడితో నాన్నకు ధన్యవాదాలు రాయించకూడదు. తల్లిని పోగొట్టుకున్న పాపకు మదర్స్ డే రోజున ‘అమ్మకు లేఖ’ ఇవ్వకూడదు. ఎవరి గురించి రాయాలో ఎంచుకునే హక్కు పిల్లలకే ఉండాలి. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు ‘ఈ వారం నాకెవరూ ఏమీ చేయలేదు’ అని రాసి ఇస్తారు. అక్కడ ఎర్ర సిరా వాడకండి, తరగతిలో పైకి చదవకండి, మళ్లీ రాయమనకండి. పిల్లవాడు నిజం రాశాడు. ఆ వారం అతని కోసం ఏదైనా చేయవలసింది మనమే.