పరదేశపు చెర

ఇంగ్లండులోని టిప్టను పట్టణపు యువకులు మువ్వురు 2001లో అఫ్గనిస్థానమున పట్టువడి, క్యూబాలోని గ్వాంటనామో అమెరికా సైనికస్థావరమున రెండేండ్లకు పైగా బంధింపబడిరి. విచారణ లేదు, నేరారోపణయు లేదు. 2004 మార్చిలో విడువబడిరి. 2006లో వెలువడిన ‘ది రోడ్ టు గ్వాంటనామో’ చిత్రమున వారే తమ కథ చెప్పుకొనిరి. నటులు దానిని అభినయించి చూపిరి.

“ఏ పాపము నెరుగనివారు యుద్ధభూమికేల పోయిరి?” అని మేమును మొదట శంకించితిమి, పిమ్మట సిగ్గుపడితిమి. శంకించుట తప్పు గాదు, శంకనే తీర్పుగా గైకొనుట తప్పు. స్వదేశమున చెరబడినవానికి చుట్టములుందురు. పరదేశమున చట్టమొక్కటే చుట్టము. అది మంచివారికే దక్కవలెనన్నచో, విచారణ లేనిదే మంచివారెవరో తేల్చుటెట్లు? గల్ఫు చెరలలోని మన కూలీలకు మనము కోరు న్యాయమును అన్యులకు కాదనుట ధర్మమగునా?