రెండు వేళ్ళ జాగా

ఎవరినైనా కాస్త చిన్నబుచ్చాలంటే "అతుకుల బొంత" అనేస్తాం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం నడిపితే అతుకుల బొంత. ఒకాయన పది పుస్తకాలు ముందేసుకుని పదకొండోది రాస్తే అదీ అతుకుల బొంతే. ఈ మాట వాడేవాళ్ళంతా బొంత కప్పుకున్నవాళ్ళే గాని కుట్టినవాళ్ళు కారని నా అనుమానం.

బొంత సంగతి కొంచెం చెప్పనివ్వండి. పాత చీరలూ పంచెలూ నాలుగైదు పొరలుగా పరిచి, ఒక కొసనుంచి బారుగా కుట్టుకుంటూ రావాలి. మంచం నిండే బొంతయితే నడుమకి చెయ్యి అందదు. నలుగురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చోవాలి, అంతమంది పట్టే వసారా ఉండాలి. అది కుదరనప్పుడు, ఒళ్ళో పట్టేంత ముక్కలు ఎవరిళ్ళల్లో వాళ్ళు పొరలతో సహా కుట్టుకుని, తరవాత ముక్కా ముక్కా కలుపుకోవచ్చు. వినడానికి తేలికే. కాని గుడ్డకి గుడ్డ అతకడం వేరు, బొంతకి బొంత అతకడం వేరు. ప్రతి ముక్కకీ అప్పటికే ముఖమూ వీపూ ఏర్పడి ఉంటాయి. అందుకని కుట్టేటప్పుడే చుట్టూ రెండు వేళ్ళ జాగా వదిలెయ్యాలి. పై పొరకి పై పొర కుట్టి, లోపలి పొరలు ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కన సర్ది, అడుగు పొర మడిచి చేత్తో కుట్టెయ్యాలి. జాగా వదలకుండా అంచుదాకా ముగించిన ముక్క చూడటానికి మహా అందంగా ఉంటుంది. దేనితోనూ కలవదు.

మా అమ్మ పోయాక ఆవిడ చీరలు మా అక్కచెల్లెళ్ళు ముగ్గురూ పంచుకున్నారు. పెద్దక్కయ్యది బందరు, చిన్నక్కయ్యది గుడివాడ, చెల్లెలిది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేలమంది ప్రాణాలు పోయిన చోట, చీరలు పోయాయని ఏడవడానికి కూడా మా చెల్లెలికి సిగ్గేసింది. ఇంట్లో మనుషులు దక్కారు, అదే పదివేలు. మరుసటి ఏడు నా కొడుక్కి అమ్మ బొంత ఇద్దామని ముగ్గురూ తలో ముక్కా కుట్టారు. చెల్లెలి ముక్క సాయంగా వచ్చిన బట్టల మూటల్లోంచి పుట్టింది. ఏ ఊరివాళ్ళ చీరలో, ఏ తల్లి కట్టి విడిచినవో.

"అమ్మ బొంతలో ఎవరివో గుడ్డలేమిటే?" అంది చిన్నక్కయ్య. మెత్తగానే అంది. చెల్లెలు మాట్లాడలేదు.

అమ్మ బొంత అంటే ఏమిటి మరి? అమ్మ కట్టిన నూలా, అమ్మ నేర్పిన కుట్టా? చిన్నక్కయ్య మాట కొట్టిపారేసేది కాదు. ఏది తెచ్చినా అమ్మదే అంటే, ఇక అమ్మది అనేది ఏం మిగిలింది? జ్ఞాపకానికీ ఒక హద్దుండాలి. అయితే ఆ హద్దు ఎవరి మెడమీద పడుతోందో కూడా చూడాలిగదా. నీటికి పోగొట్టుకున్న మనిషిని "నీ వాటా ఏదీ?" అని అడిగే హద్దు నామట్టుకు నాకు ధర్మంగా తోచదు.

17వ శతాబ్దంలో బందరు రేవునుంచి అద్దకం బట్టలు డచ్చివాళ్ళ ఓడల్లో, ఇంగ్లీషువాళ్ళ ఓడల్లో వెళ్ళేవి. సీమలో ఇల్లాళ్ళు మనవాళ్ళ అద్దకంలోని పువ్వుల్నీ పిట్టల్నీ కత్తిరించి తమ బొంతలమీద కుట్టుకున్నారు. ఇంగ్లండులో లీవెన్స్ హాల్ అనే భవనంలో, 1700 ప్రాంతంలో మన దేశపు అద్దకం ముక్కలతో కుట్టిన బొంత ఒకటి ప్రసిద్ధం. అద్దిన చేతులెవరివో వాళ్ళకేం తెలుసు? అంతమాత్రాన అది వాళ్ళింటి బొంత కాకుండా పోలేదు. చిన్నక్కయ్య ముందు ఇలాంటివి ఎత్తితే "నీ ఇంగ్లీషు బొంతలు నాకెందుకురా!" అని ఒక్కమాటతో తేల్చేసేది.

తీరా కలపబోతే చిక్కు చెల్లెలి ముక్కతో రాలేదు. దాని చుట్టూ రెండు కాదు, మూడు వేళ్ళ జాగా ఉంది. చిన్నక్కయ్య ముక్క చూస్తే అన్నీ అమ్మ చీరలే, సన్నకుట్టు, అంచుకంటా మడిచి ముగించిన పని. కలపాలంటే అది విప్పాలి. ఏ లోపమూ లేని ముక్కే ఎందుకు విప్పుకోవాలి? ఇది మొదటి ప్రశ్నకన్నా కష్టం. ఉమ్మడి కాపరాల్లో రోజూ ఎదురయ్యేదే. పద్ధతిగా ఉన్నవాళ్ళనే పట్టుకుని "నువ్వే కాస్త సర్దుకోమ్మా" అంటారు. వాళ్ళు సర్దుకుంటారు కూడా, ఆ సర్దుకున్నది మాత్రం జన్మలో మరిచిపోరు.

పెద్దక్కయ్య విప్పమనలేదు. "ఉండనీవే, పట్టీ వేద్దాం" అంది. పైనొక పట్టీ, కిందొక పట్టీ, నడుమ రెండు ముక్కల అంచులూ పెట్టి కుట్టడం. పెడనలో అద్దకం వేసేవాళ్ళకి అచ్చు పక్కన అచ్చు పడ్డచోట అతుకు కనపడకపోవడమే పనితనం. పట్టీ అలా కాదు, ఎదురుగుండా కనపడుతుంది. ఇందాకా నీది, ఇక్కణ్ణుంచి నాది అని చెబుతూనే రెంటినీ పట్టుకుని ఉంటుంది. నాకది నచ్చింది.

పట్టీకి పెద్దక్కయ్య అమ్మ చీర అంచు ఒకటి తీసింది. చిన్నక్కయ్య చప్పున అడ్డుపడి, "అది చిరిగితే నేను చూడలేనే" అని, చెల్లెలి మూటలోంచి ఒక గళ్ళచీర లాగింది. వేళ్ళతో ఒకసారి నలిపి చూసి "ఇది గట్టిగా ఉంది" అంది. అంతకుమించి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

ఏ బొంతకైనా అతుకు దగ్గరే మందం, మొదట చిరిగేదీ అక్కడే. మా పట్టీలు ఇప్పటికి రెండుసార్లు మార్చాం. ఇప్పుడున్నవి మా కోడలి నైలాన్ చీరవి. అవి గుచ్చుకుంటాయని నా మనవడు ఆ వైపు కాళ్ళకి పెట్టుకుని పడుకుంటాడు.