సముద్రయానం: సొరంగమా, ఓడా?

లండన్ నుంచి నెదర్లాండ్స్‌కు వెళ్లదలచినవారికి నేడు విమానం కాక ప్రధానంగా రెండు మార్గాలున్నాయి: 1994లో ప్రారంభమైన, సుమారు 50 కిలోమీటర్ల ఛానల్ సొరంగం గుండా సాగే రైలు ఒకటి, హార్విచ్ రేవులో రాత్రి బయలుదేరి తెల్లవారాక హుక్ ఆఫ్ హాలండ్ చేర్చే ఓడ మరొకటి. ఉద్యోగరీత్యా బెంగళూరు శివార్లలోని సర్జాపురలో స్థిరపడి యూరప్‌కు వెళ్లివచ్చే తెలుగువారికి ఇది కాలానికీ ఖర్చుకూ సంబంధించిన ఎంపికే కావచ్చు గాని, ధర్మశాస్త్రదృష్టితో చూస్తే ఇందులో గట్టి ప్రశ్న ఉంది: ఓడ ఎక్కకుండా, నీటిని చూడకుండా సముద్రాన్ని దాటినవారు సముద్రయానం చేసినట్టా?

బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనీయాలలో, అంటే మనిషిని స్వధర్మం నుంచి జార్చే కర్మలలో చేర్చి, మూడేళ్లపాటు అల్పాహారంతో, పగలు నిలబడి రాత్రి కూర్చుని గడిపే ప్రాయశ్చిత్తం విధించింది. అదే గ్రంథం దీనిని ఉత్తరదేశీయుల ఆచారాలలోనూ పేర్కొన్నందున, నిషేధించినవారికి ఓడప్రయాణం అపరిచితం కాదని తెలుస్తుంది. ఓడలో ద్వీపాంతరానికి పోవడమే సముద్రయానమని వ్యాఖ్యాతలు వివరించారు. ఇందులో ఓడ ప్రధానమైతే సొరంగపు రైలు నిర్దోషం. ద్వీపాంతరగమనం ప్రధానమైతే, బ్రిటన్ ద్వీపమే కనుక, రెండు మార్గాలూ సమానం.

నీటిని దాటడమే దోషమన్న వాదం మాత్రం నిలవదు. పరాశరస్మృతి బ్రహ్మహత్యకు సేతుయాత్రను ప్రాయశ్చిత్తంగా చెప్పింది. 1914లో పాంబన్ రైలు వంతెన తెరిచేవరకు ఆ సేతువున్న రామేశ్వరానికి వెళ్లే యాత్రికులు పాంబన్ జలసంధిని పడవలోనే దాటారు. పాపాన్ని పోగొట్టే యాత్రలో భాగమైన దాటడమే పాపమెట్లా అవుతుంది?

కనుక నిషేధానికి మూలం నిత్యకర్మ భంగమేనని భావించడం సమంజసం. 1830–31లో మద్రాసు నుంచి కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య వంటివారు భూమార్గంలో మజిలీ చేసినచోట స్నానం, వంట, జపం తమ నియమం ప్రకారం జరుపుకోగలిగారు. నాటి ఓడలో మంచినీరు, ఆహారం, సహవాసం అన్నీ పరాధీనం. ఈ కొలతతో చూస్తే నేటి తీర్పు తారుమారవుతుంది. రైలులో కూర్చున్నవారికి దిగే స్వేచ్ఛా లేదు, స్నానానికి చోటూ లేదు. రాత్రి ఓడలోనైతే విడిగదీ, స్నానపు నీరూ, సూర్యోదయం కనబడే పైతట్టూ ఉంటాయి.

ఓడను తప్పించుకోవాలన్న పట్టుదలతో స్వీడన్ నుంచి ఫిన్లాండ్‌కు బోత్నియా అఖాతం చుట్టూ భూమార్గాన పోయేవారికి ఇంకా జటిలమైన చిక్కు ఎదురవుతుంది: సరిహద్దు పట్టణమైన టోర్నియోలో నడివేసవిన సూర్యుడు దాదాపు అస్తమించడు కనుక, పగలూ రాత్రీ కలిసే వేళ చేయవలసిన సంధ్యోపాసనకు అక్కడ వేళ నిర్ణయించడమే కష్టం.